నోటరీ ముద్రకి ప్లాస్టిక్ తొడిగిన రోజు

"ఈ కాగితాలకి ప్లాస్టిక్ తొడిగింది ఎవరు?"

"నేనే. ఈ ఆఫీసులో ఆ మిషను ముట్టుకునేది నేనొక్కదాన్నేగా."

"ఎవరు చేయమన్నారు ఆంటీ?"

"ఒకరు చెప్పాలా? బయట మంచు పడుతోంది. పిల్ల చేతిలో ఎప్పుడూ జ్యూసు డబ్బా ఉంటుంది. తడిస్తే ఎవరిది బాధ్యత?"

"రెండు పేజీలకీ కలిపి నోటరీ పిన్ను కొట్టాడు. అదేది?"

"పీకేశాను. పిన్నుతో పెడితే మిషను పాడవదూ?"

"పీకేసి, రెండు పేజీల్నీ వీపుకి వీపు ఆనించి ఒకే కవర్లో పెట్టారు."

"ఒక కవరు సరిపోయేదానికి రెండెందుకు?"

మా యజమానురాలు ఆ ప్లాస్టిక్ అట్టని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, నోటరీ ముద్ర ఉన్న చోట బొటనవేలితో రుద్దింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని నా వేలితో కూడా రుద్దించింది. గాజు పలకని తడిమినట్టు నున్నగా ఉంది. ముందు రోజు ఆ కాగితం నా చేతికి వచ్చినప్పుడు ముద్ర గుండ్రంగా, ఉబ్బెత్తుగా, కళ్ళు మూసుకున్నా తెలిసేలా ఉండేది. మిషను వేడికి అణిగిపోయింది.

"రేపు పొద్దున్న తొమ్మిదింటికి వాళ్ళ ఫ్లైట్ ఆంటీ," అంది.

"అయితే ఏమయింది? అక్షరాలన్నీ కనిపిస్తూనే ఉన్నాయిగా," అన్నాను. తప్పు ఒప్పుకోవడానికి నాకు మామూలుగా మూడు రోజులు పడుతుంది. ఆ రోజు అంత వ్యవధి లేదు.

ఇప్పుడిప్పుడే ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. నా చదువు బాపట్ల వైపు ఒక మిషన్ బడిలో ఐదో తరగతి దాకా. యాభై తొమ్మిదేళ్ళ వయసులో కెనడాలో, టొరంటో పక్కన మిల్టన్‌లో ఉద్యోగానికి వెళ్ళాను. పిజ్జా కొట్టుకీ పళ్ళ డాక్టరుకీ మధ్య ఉన్న చిన్న ట్రావెల్ ఆఫీసు అది. నన్ను పెట్టుకున్నది ఊడవడానికీ టీ పెట్టడానికీ. ఒక రోజు బల్ల తుడుస్తూ ఉంటే తెరిచి ఉన్న పాస్‌పోర్టు ఒకటి కనిపించింది. దాని గడువు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. ఆ మనిషి ప్రయాణమేమో వచ్చే నెల. యజమానురాలికి చెప్పాను. ఆమె చూసుకుని, ఆరు నెలలైనా గడువు లేకపోతే ఆ దేశం రానివ్వదంటూ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. అంకెలు చదవడానికి ఐదో తరగతి చాలు. ఆ వారం నుంచి, ప్రయాణానికి ముందు కాగితాలన్నీ ఒకసారి ఆంటీ చూడాలి అనే నియమం వచ్చింది.

వచ్చింది కదా, ఇక నన్ను పట్టలేకపోయారు. ఏ దేశానికి ఏం కావాలో పాత క్యాలెండరు కాగితాల వెనక రాసి పెట్టుకునేదాన్ని. చలికాలంలో మా దగ్గరకు వచ్చేవాళ్ళు ఎక్కువగా కరీబియన్ దీవులకే వెళ్ళేవాళ్ళు. బార్బడోస్‌కి అయితే పాస్‌పోర్టు గడువు, తిరుగు టికెట్, ఎక్కడ దిగుతారో ఆ చిరునామా, దిగేముందు ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఫారం. కెనడా పౌరులు కాకుండా పీఆర్ అనే శాశ్వత నివాసం కార్డు మీద ఉన్నవాళ్ళయితే ఆ కార్డు గడువు కూడా చూడాలి, ఎందుకంటే అది వెళ్ళడానికి కాదు, వెనక్కి రావడానికి. పిల్లలు తల్లితోనో తండ్రితోనో ఒకరితోనే వెళ్తుంటే రెండోవాళ్ళ అనుమతి ఉత్తరం, నోటరీ ముద్రతో. దాన్ని అడగవచ్చు, అడగకపోవచ్చు. అడిగినప్పుడు లేకపోతే మాత్రం కౌంటరు దగ్గరే ప్రయాణం ఆగిపోతుంది.

నేను కాగితం చూసే పద్ధతి కోర్టులో చూసినట్టు ఉండేది. వాటర్లూ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అతన్ని, కార్డు గడువు అయిపోయిందని, కూర్చోమనకుండానే వెనక్కి పంపాను. అతను పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తున్నానని చెప్పుకున్నాడు. కార్డు మీద ఆ సంగతి రాయలేదన్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఈ మాట నేనే మూడుసార్లు చెప్పుకుని మురిసిపోయాను.

ఇక ప్లాస్టిక్ సంగతి. మా వైపు తుపాను వస్తే ఇంట్లోకి నీళ్ళు వచ్చేవి. బియ్యం తడిస్తే ఆరబోసుకోవచ్చు, పట్టా కాగితం తడిస్తే ఏం చేస్తాం? అందుకే బస్టాండు పక్క జిరాక్సు కొట్టులో లామినేషన్ మిషను వచ్చిన రోజు నుంచీ మా ఊళ్ళో రేషను కార్డు, కులం సర్టిఫికెట్, టెన్త్ మార్కుల లిస్టు, పెళ్ళి సర్టిఫికెట్, అన్నీ ప్లాస్టిక్కులోకి వెళ్ళిపోయాయి. లామినేషన్ చేయించని కాగితం ఉన్న ఇల్లు బాధ్యత లేని ఇల్లు. మిల్టన్ ఆఫీసులో, టూరు వాళ్ళ మెడలో వేసే పేరు కార్డుల కోసం కొన్న మిషను మూలన పడి ఉంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. టీ కప్పులు కడిగే నియమాలకి తొడిగాను. బాత్‌రూం తాళంచెవి చీటీకి తొడిగాను. ఒకసారి సరుకుల కొట్టు కూపన్‌కి కూడా తొడిగాను. కొట్టువాళ్ళు తీసుకోలేదు. అప్పుడైనా బుద్ధి రావాల్సింది. వాళ్ళకే తెలివి లేదనుకున్నాను.

ఆ అనుమతి ఉత్తరం ఎవరిదో చెప్పాలి. మా చర్చికి వచ్చే ఒక అమ్మాయి, ముప్పై ఐదేళ్ళుంటాయి, పక్కన పళ్ళ డాక్టరు దగ్గరే పని చేసేది. ఎనిమిదేళ్ళ కూతురు. భర్తతో పడక రెండేళ్ళుగా విడిగా ఉంటోంది. అతను మూడు గంటలు విమానంలో వెళ్ళాల్సిన రెజైనాలో గవర్నమెంటు ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. ఈ అమ్మాయి తల్లి ఒంగోలులో ఉంటుంది. డెబ్బై దాటాయి. కెనడా వీసాకి రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ ఇవ్వలేదు. మనవరాలిని ఫోనులో తప్ప చూడలేదు ఆవిడ. ఈ అమ్మాయి తమ్ముడు బార్బడోస్‌లో డాక్టరు చదువుతున్నాడు. మన ఇండియా పాస్‌పోర్టు వాళ్ళని ఆ దీవి టూరిస్టులుగా వీసా లేకుండానే రానిస్తుంది. పిల్లని ఇండియా తీసుకెళ్తానంటే తండ్రి ఎలాగూ ఒప్పుకోడు, అందుకని అందరూ అక్కడ కలవాలని అనుకున్నారు. పెద్దావిడ ఒంగోలు నుంచి అంత దూరం ప్రయాణం చేసి అప్పటికే తమ్ముడి గదికి చేరింది. బడికి మార్చి సెలవులు మొదలయ్యే ముందు శుక్రవారమే తల్లీకూతుళ్ళు ఇక్కడి నుంచి బయలుదేరాలి. ఆవిడ మోకాళ్ళకి ఇంకోసారి అంత ప్రయాణం ఉండదని అందరికీ తెలుసు.

దీనికి తండ్రి సంతకం కావాలి. మూడు నెలలు ఇవ్వలేదు అతను. అక్కడి నుంచి పిల్లని ఇండియా తీసుకుపోయి మళ్ళీ రాదేమోనని అతని భయం. ఈ అమ్మాయి ఎంత అడిగిందో, ఏమేం పడిందో నాకు పూర్తిగా చెప్పలేదు. చివరికి ఒక రోజు సంతకం పెట్టిన ఉత్తరాన్ని ఫోటో తీసి పంపాడు. నేను ఊరుకున్నానా? అతని నంబరు తీసుకుని ఫోను చేసి, "ఫోటోని చూసి విమానం ఎక్కించరు, ఒరిజినల్ పంపు, అది కూడా పంపలేనివాడివి తండ్రివని ఎందుకు చెప్పుకుంటావు?" అన్నాను. వారంలో ఒరిజినల్ వచ్చింది. నా మాటకే భయపడి పంపాడని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను. దానికే ప్లాస్టిక్ తొడిగాను.

యజమానురాలు నన్ను నిలదీసింది గురువారం పొద్దున్న పది గంటలకి. యజమానురాలు ఫోనులో ఎవరినో అడుగుతుంటే, నేను ఆ అట్టని వెనక గదిలోకి తీసుకెళ్ళి రహస్యంగా బాగుచేద్దామనుకున్నాను. ముందు అంచులు కత్తిరించాను. తర్వాత గోరుతో లేపాను. ప్లాస్టిక్‌తో పాటు మొదటి పేజీ చర్మం ఊడినట్టు ఊడింది, అందులో పాప పుట్టిన తేదీ ఉంది. మళ్ళీ మిషనులో పెడితే మెత్తబడుతుందేమోనని పెట్టాను. లోపల ఇరుక్కుపోయి కాలిన వాసన వచ్చింది.

వాసనకి మా ఆఫీసులో టికెట్లు చూసే ఆయన లోపలికి వచ్చాడు. కరీంనగర్ మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. మిషను వైపు చూశాడు, నా చేతిలో కత్తెర వైపు చూశాడు.

"ఇగ దాన్ని ఇడిసిపెట్టుండ్రి ఆంటీ. ఇప్పటిదాంక నకలు అనేటోళ్ళు, ఇప్పుడు అది నకలు కూడ కాదు," అన్నాడు.

పదకొండింటికి ఆ అమ్మాయి కాగితాలు తీసుకోవడానికి కూతురితో సహా వచ్చింది. పాప మెడలో అప్పటికే కొత్త చలువ కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. యజమానురాలు నా వైపు చూసింది. నువ్వే చెప్పు అన్నట్టు ఉంది ఆ చూపు. చెప్పాను. ఆ అమ్మాయి తిడుతుందని ఎదురుచూశాను. తిడితే తిరిగి అనడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి కూడా. తిట్టలేదు. పాపని బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చి, చాలా నెమ్మదిగా అంది:

"ఆయన్ని నేను మళ్ళీ అడగను ఆంటీ. అడగలేను. ఒకసారి అడిగింది చాలు. అమ్మకి రావడం లేదని చెప్పేస్తాను."

ఫోను తీసింది కూడా. అక్కడ వాళ్ళమ్మ మనవరాలి కోసం అరిసెలు తెచ్చుకుని కూర్చుని ఉందని అంతకు ముందు వారమే నాకు చెప్పింది. నేను ఆ అమ్మాయి చేతిలోంచి ఫోను లాక్కున్నాను. అడగకుండా లాక్కోవడం నాకు అలవాటే. ఆ రోజు చేసిన పనుల్లో అదొక్కటే సరైనది.

"గంట ఆగు. నేను అడుగుతాను," అన్నాను.

"మీరడిగితే అసలు ఇవ్వడు," అంది ఆ అమ్మాయి. నిజమే కదా.

రెజైనాలో అప్పుడు తొమ్మిదిన్నర. మనకంటే రెండు గంటలు వెనక. అతను ఆఫీసులో ఉన్నాడు. "వందనాలు బాబూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతను గుర్తుపట్టాడు. ఎలా గుర్తుపట్టడు?

జరిగింది చెప్పాను. మొదట వర్షం, మంచు, జ్యూసు అని ఏవో కారణాలు మొదలుపెట్టాను. టికెట్లు చూసే ఆయన పక్కనే నిలబడి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు కారణాలు ఆపి, నేను పాడుచేశాను, ఎవరూ చెప్పకుండా నేనే చేశాను, అన్నాను.

అటువైపు తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"ఒరిజినల్ గురించి అప్పుడు మీరు నాతో ఏమన్నారో గుర్తుందా ఆంటీ?"

"ఉంది."

"చెప్పండి."

ఆఫీసులో ముగ్గురి ముందు, నేనన్న మాట నేనే మొత్తం చెప్పాల్సి వచ్చింది. తండ్రివని ఎందుకు చెప్పుకుంటావు అన్న దగ్గర నా నోరు తడబడింది. పాప తల్లి తల దించుకుంది. అలా అన్నానని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

"తప్పయింది బాబూ," అన్నాను. నా పెళ్ళయ్యాక ఆ మాట నేను వాడినట్టు గుర్తులేదు.

అతను తిరుగు టికెట్ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. నా కళ్ళతో చూశానన్నాను, సెలవులు అయ్యేలోపు వచ్చేస్తారన్నాను.

"వాళ్ళు తిరిగి వస్తారని మీరు చెప్పగలరా?"

అవునని చెప్పడం చాలా సులువు. పని అయిపోయేది. ఆ అమ్మాయి నా ముఖం వైపే చూస్తోంది. కానీ ఆ పొద్దున్నంతా తెలియని పని తెలిసినట్టు చేసి ఇక్కడిదాకా తెచ్చుకున్నాను. ఇంకోటి చేసే ధైర్యం లేదు.

"కాగితాల వరకే చెప్పగలను బాబూ. మనుషుల సంగతి నాకు తెలియదు," అన్నాను.

పాప తల్లి అప్పుడు చెయ్యి చాచింది. ఫోను ఇచ్చాను. ఆమె ఒకే మాట అంది. "వస్తాను. దానికి స్కూలుంది, నాకు ఉద్యోగం ఉంది, ఎక్కడికి పోతాను?" అని మళ్ళీ ఫోను నా చేతికి ఇచ్చేసింది.

అతను నవ్వుతున్నట్టు అనిపించింది. నవ్వు కాకపోవచ్చు. వాళ్ళమ్మ అతని డిగ్రీ సర్టిఫికెట్‌కి ఇలాగే చేయించిందట, గుంటూరులో. విదేశాలకి రావడానికి దాని మీద గవర్నమెంటు ముద్ర వేయించాలి, ప్లాస్టిక్ మీద వేయం పొమ్మన్నారట. డూప్లికేటు కోసం యూనివర్సిటీ చుట్టూ తిరిగేసరికి ఒక ఏడాది పోయిందట.

"మీ అమ్మని ఏమన్నావు బాబూ?" అని అడిగాను.

"ఏమీ అనలేదు. పక్కింటావిడకి చూపించి మురిసిపోతుంటే ఏమంటాను?"

"అయితే నన్ను అను," అన్నాను.

"మధ్యాహ్నం నోటరీ ఉంటాడు. లెటర్ ఈమెయిల్ చేయమనండి," అన్నాడు.

నలుగురం ఒక్కసారి కూర్చున్నాం. అప్పుడు యజమానురాలు అసలు ప్రశ్న అడిగింది, రెజైనాలో సంతకం అయిన కాగితం రేపు పొద్దున్నకి టొరంటో ఎలా వస్తుంది? కొరియరుకి సోమవారం అవుతుంది. ఎవరైనా తెలిసినవాళ్ళు ఈ రోజు అటునుంచి వస్తున్నారేమోనని రెజైనా చర్చి వాళ్ళకి ఫోను చేశాం. ఎవరూ లేరు. టికెట్లు చూసే ఆయన కంప్యూటరు ముందు కూర్చుని చాలాసేపు వెతికాడు.

"సాయంత్రం విమానంల ఒక్క సీటున్నది. కాగితానికి సీటియ్యరు, మనిషి కావాలె," అన్నాడు.

ఈసారి ఫోను యజమానురాలు చేసింది. నన్ను చేయనివ్వలేదు. ఆమె చెప్పడం అయ్యాక అటునుంచి రెండు మాటలే వచ్చినట్టున్నాయి. ఆమె ఫోను పెట్టేసి, "బుక్ చేయమన్నాడు," అంది.

పాప తల్లి కాసేపు కిటికీలోంచి బెంచీ వైపు చూసింది. "నేను రమ్మనలేదు," అంది. తర్వాత, "సరే. ఎయిర్‌పోర్టులో ఇమ్మనండి. ఇంటికి వద్దు," అంది. అలాగే చెప్పారు. అతను పక్కనే ఉన్న మిసిసాగాలో స్నేహితుడి ఇంట్లో దిగుతానన్నాడట.

ఆ మధ్యాహ్నం కొత్త ఉత్తరం టైపు చేశారు. తేదీలు, ఫ్లైటు నంబర్లు, దీవిలో దిగే చిరునామా, మేనమామ పేరు. నేను అంకెలన్నీ నాలుగుసార్లు చూశాను. దూరం నుంచి చూడాలి, చేత్తో ముట్టుకోకూడదు అని యజమానురాలు షరతు పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. అరవై ఆరేళ్ళ వయసులో బడిపిల్లలా అలా నిలబడడం చూసి పాప నవ్వింది. నవ్వుకోనిచ్చాను.

పిల్లలూ, మీకు పని నేర్పేవాళ్ళు చాలామంది జాగ్రత్తగా ఉండమంటారు. నేను జాగ్రత్త వల్లే ఆ కాగితాన్ని పాడుచేశాను. నా జాగ్రత్త బాపట్ల వైపు తుపానుకి సరిపోయేది. ఇక్కడ కాగితం తడవకుండా ఉండడం కాదు కావలసింది, ఒకరు వేలితో తడిమితే ముద్ర తగలాలి. ఆ సంగతి ఎవరినైనా అడిగితే అర నిమిషంలో చెప్పేవాళ్ళు. అడగడం నాకు నామోషీ. ఐదో తరగతి మనిషికి తెలియదని ఎక్కడ తెలిసిపోతుందోనని, తెలిసినట్టు అందరినీ గదమాయించి బతికాను. వెనక్కి పంపినవాళ్ళలో సగం మందిని కూర్చోబెట్టి చెప్పినా సరిపోయేది. వాటర్లూ అతను ఇప్పటికీ ఇండియన్ సరుకుల కొట్టులో ఎదురుపడితే పక్క వరుసలోకి వెళ్ళిపోతాడు.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి యజమానురాలు కారులో తల్లీకూతుళ్ళతో పాటు నన్ను ఎక్కించుకుంది. నేను రావాల్సిన పని లేదంది. అయినా వెళ్ళాను. అతను మా కంటే ముందే వచ్చి కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు. సన్నగా, ఫోనులో గొంతు కంటే చిన్నవాడిలా ఉన్నాడు. కోటు లోపలి జేబులోంచి కవరు తీసి నాకు ఇవ్వబోయాడు. నేను వద్దని, తల్లికి ఇమ్మన్నాను. ఇచ్చాడు. పాప అతన్ని చూసి రెండడుగులు పరుగెత్తి, తల్లి వైపు చూసి ఆగి, మళ్ళీ నడుచుకుంటూ వెళ్ళి అతని కోటు పట్టుకుంది.

కౌంటరు అమ్మాయి రెండు పాస్‌పోర్టులు చూసింది. తల్లి పీఆర్ కార్డు తిప్పి చూసింది. తిరుగు టికెట్ అడిగింది, ఎక్కడ దిగుతున్నారని అడిగింది. తర్వాత తండ్రి ఉత్తరం ఉందా అంది. తల్లి ఇచ్చింది. ఆ అమ్మాయి రెండు పేజీలూ చదివి, పిన్ను చూసి, ముద్ర మీద బొటనవేలు ఒకసారి పోనిచ్చి, మడిచి వెనక్కి ఇచ్చేసింది. మొత్తం ఐదు నిమిషాలు పట్టలేదు.

"ఆర్ యూ కమింగ్ టూ?" అని పాప తండ్రిని అడిగింది.

"లేదు నాన్నా, నాకు ఆఫీసుంది," అన్నాడు.

తల్లి బ్యాగు భుజానికి తగిలించుకుంటూ థాంక్స్ అంది, అతని ముఖం వైపు చూడకుండానే. దిగాక మెసేజ్ పెట్టమన్నాడు. పెడతానంది. ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు.

యజమానురాలు కారు తేవడానికి వెళ్ళింది. అతను కదల్లేదు. విమానాల పేర్లు వరుసగా వెలిగే బోర్డు కింద నిలబడ్డాడు. నేనూ పక్కన నిలబడ్డాను. యజమానురాలు ఫోను చేసినప్పుడల్లా ఇంకాసేపు ఆగమన్నాను. తొమ్మిదీ పదికి బార్బడోస్ వరుసలో విమానం బయలుదేరినట్టు పడింది. అది చూశాక అతను రెజైనా విమానానికి ఎటు వెళ్ళాలని అడిగాడు. బోర్డు మీద గేటు నంబరు చదివి చూపించాను.